తాడు లాగాలా, మీట నొక్కాలా?

యక్షుడు ధర్మరాజుని కొలను గట్టు మీద నిలబెట్టి ప్రశ్నలు అడిగాడు. నన్ను కూడా ఒకాయన కొలను గట్టు మీదే నిలబెట్టి ఓ ప్రశ్న అడిగాడు. కాకపోతే ఈ కొలనులో నీళ్ళు పైకి కనబడవు. పైన జానెడు మందాన గడ్డ కట్టుకుపోయి ఉంది. అడిగినాయన యక్షుడూ కాదు, అమెరికాలో మా అబ్బాయి పక్కింటి పెద్దాయన. ఆయన అడిగింది ఇది: “టీచర్ గారూ, మంచుకి కన్నం పెట్టడానికి పెట్రోలు బరమా మంచిదా, కరెంటు బరమా మంచిదా? మీరు లెక్కల మాస్టారట కదా, లెక్క కట్టి చెప్పండి.”

ఇదీ ఒక ప్రశ్నేనా అని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కాని జవాబు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను, నలభై అయిదేళ్ళ కిందటి తప్పొకటి తవ్వి తీసుకున్నాను, కన్నకొడుకుతో ఒక రాత్రి మాట పట్టింపు కూడా వచ్చింది. కనక చిన్న ప్రశ్న అని తీసిపారెయ్యకండి.

ముందు సంగతి సందర్భాలు మనవి చేసుకుంటాను.

మాది ఏలూరుకి ఎగువన మెట్ట పల్లె. మా ఊళ్ళో చేపలు పుట్టవు గాని, కొల్లేటి చేపలు గంపల కెక్కి మా వీధిలోకే వచ్చేవి. అంచేత మా వంశంలో చేప తినడమే గాని పట్టడం ఎవరూ ఎరగరు. 2024 డిసెంబరులో మా అబ్బాయి బలవంతం మీద మా ఆవిడా నేనూ మిన్నెసోటా చేరుకున్నాం. ఆ రాష్ట్రానికి పదివేల సరస్సుల నేల అని బిరుదు. బిరుదులన్నీ ఉన్నదానికి మించి ఉంటాయి కదా అనుకున్నాను. ఇక్కడ తిరగబడింది. పది ఎకరాలూ అంతకు మించినవీ మాత్రమే లెక్కపెడితే 11,842 ఉన్నాయిట. చలికాలం రాగానే అవన్నీ గడ్డ కడతాయి. జనం ఇళ్ళలో కూచోకుండా ఆ గడ్డల మీదికి నడిచిపోయి, కన్నాలు పొడిచి, చేపలు పడతారు.

చెరువు గడ్డకడితే చేపలెలా బతుకుతాయని నాకు సందేహం. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, సైన్సు మాస్టారి గదిలోకి తొంగి చూడకపోవడం నా తప్పే. నీరు నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైకి చేరుతుంది. అందుకని గడ్డ పైనుంచే కడుతుంది, కట్టి తేలుతూ ఉంటుంది. ఆ పైపొరే రగ్గులా కప్పి, కింద ఉన్న నీటిని ఇంకా చల్లబడకుండా కాపాడుతుంది. నీళ్ళకి గనక మిగతా ద్రవాల బుద్ధే ఉండి, గడ్డ అడుగునించి కట్టుకుంటూ వచ్చిందనుకోండి, ఆ దేశంలో చేపలన్న మాటే ఉండేది కాదు. ప్రకృతి చేసిన ఏర్పాట్లలో ఇంత దయగలది మరొకటి నాకు కనబడలేదు.

మనుషులకి మాత్రం ఆ గడ్డ మీద నడవడానికి నియమాలున్నాయి. నాలుగు అంగుళాల లోపు మందం ఉంటే అసలు కాలు పెట్టొద్దంటుంది రాష్ట్ర ప్రభుత్వం. కారు వెళ్ళాలంటే తొమ్మిది పది అంగుళాలుండాలి, ట్రక్కు అయితే అడుగు దాటాలి. అయినా సరే, ఏ గడ్డా నూటికి నూరుపాళ్ళు నమ్మదగింది కాదని కూడా వాళ్ళే చెబుతారు. ఆ మాట చదివాక నేను వారం రోజులు గట్టు దిగలేదు.

ఇంతకీ బరమా సంగతి. వడ్రంగి చేతి బరమా మీరందరూ చూసే ఉంటారు. ఇదీ అదే, మనిషి నడుం దాటే ఎత్తున ఉంటుంది. మెలికలు తిరిగిన ఇనప మర, దాని కొసన రెండు పదునైన బ్లేళ్ళు. ఆరంగుళాలు, ఎనిమిదంగుళాలు, పదంగుళాలు అని కన్నం వెడల్పుని బట్టి రకాలు. చేత్తో తిప్పేది చవక, తేలిక. గడ్డ సన్నగా ఉన్నన్నాళ్ళు దాన్ని మించినది లేదు. డిసెంబరులో పెద్దాయన నా చేతికిచ్చి తిప్పమంటే ఆరంగుళాల గడ్డకి ఒక కన్నం పెట్టి, పెళ్ళికొడుకులా చుట్టూ చూశాను. “జనవరి చివర్లో తిప్పి చూడండి” అన్నాడాయన. రెండడుగుల గడ్డలో పది కన్నాలు చేత్తో తిప్పాలంటే భీముడు రావాలి.

అందుకని యంత్రాలు వచ్చాయి. పెద్దాయన దగ్గర ఉన్నది ఇరవై ఏళ్ళ నాటి పెట్రోలు బరమా. అందులో పెట్రోలుకి ఆయిలు కలిపి పొయ్యాలి, మన పాత స్కూటర్లకి బంకులో కలిపి పోయించుకునేవాళ్ళం చూడండి, అలా. తాడు పట్టుకుని లాగితే స్టార్టవుతుంది. లాగితే అంటే ఒక్కసారి లాగితే అని కాదు. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన ఉన్న తెల్లవారుజామున దాని కోపతాపాలు దానివి. ప్లగ్గు తుడవాలి, కార్బురేటరుని బతిమాలాలి. బరువు పదమూడు పధ్నాలుగు కిలోలు. మోత, పొగ. గుడారంలో కూచుని తిప్పడానికి వీల్లేదు, ఆ పొగలో ప్రాణాలు తీసే గుణం ఉంది. దాని గొప్పల్లా ఒకటే: డబ్బాలో నూనె ఉన్నంతసేపూ గడ్డ ఎంత మందం ఉన్నా, చలి ఎంత ఉన్నా అది వెనక్కి తగ్గదు.

ఆ క్రిస్మస్‌కి ఆయన కొడుకు ఎండకాసే దేశం నుంచి, అంటే అరిజోనా నుంచి, ఓ కొత్త కరెంటు బరమా పంపాడు. అయిదారు వందల డాలర్ల సరుకు. మీట నొక్కితే తిరుగుతుంది. మోత దాదాపు లేదు, పొగ అసలు లేదు, గుడారంలోనూ వాడుకోవచ్చు, బరువు మూడోవంతు తక్కువ. దాని లోపం బ్యాటరీ. లిథియం బ్యాటరీకి చలి పడదు. చలిలో దాని శక్తి తరిగిపోతుంది, గడ్డకట్టే చలిలో ఉండగా ఛార్జి ఎక్కించకూడదు కూడా. పసిపిల్లని చూసుకున్నట్టు ఉన్ని సంచిలో చుట్టి వెచ్చగా పెట్టుకోవాలి. అది అయిపోయిందా, చెరువు మధ్యలో మనమూ, ఓ ఇనప కర్రా మిగులుతాం.

పెద్దాయన రెండింటినీ గరాజులో గోడకి పక్కపక్కనే నిలబెట్టి, నన్ను తీర్పు చెప్పమన్నాడు.

నేను మాస్టారి బుద్ధి పోనిచ్చుకోకుండా వెంటనే ఓ సిద్ధాంతం తయారుచేశాను. తేలిగ్గా దొరికినదానికి విలువ లేదు. తాడు లాగి, చెమటోడ్చి, వేళ్ళు కొంకర్లుపోగా తీసిన కన్నంలోంచి పడ్డ చేప రుచి, మీట నొక్కి పట్టిన చేపకి రాదు. మనిషి సుఖానికి మరిగినకొద్దీ లోపల ఏదో తరిగిపోతుంది. అంచేత పాతదే మేలు. ఈ ధోరణిలో రాత్రి భోజనాల దగ్గర ఓ పావుగంట మాట్లాడాను. మా అబ్బాయి, కోడలు మర్యాదగా విన్నారు. మా ఆవిడ వినలేదు.

“ఏమండీ, పెళ్ళయిన కొత్తలో మినప్పప్పు రుబ్బింది మీరా నేనా?” అంది.

నేను ఊరుకున్నాను.

“1980 నుంచి 1991లో గ్రైండరు కొనేదాకా పదకొండేళ్ళు మీ ఇంట్లో రుబ్బురోలు తిప్పాను. పొత్రం తిప్పి తిప్పి భుజం పోయింది. రోటి పచ్చడి రుచి మిక్సీలో రాదని మీ స్నేహితులతో అరుగు మీద కూచుని చెప్పేవారు. కష్టంలో రుచి ఉందని చెప్పేవాళ్ళంతా తినేవాళ్ళే. రుబ్బేవాళ్ళలో ఒక్కళ్ళు చెప్పారేమో కనుక్కోండి.”

కోడలు వంటింట్లోకి పోయి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. నిజంగా ఆలోచించవలసిన మాట అది. శ్రమ గొప్పదని ఎవరంటున్నారు, ఎవరి శ్రమ గురించి అంటున్నారు అని ముందు చూసుకోవాలి. పెద్దాయన వయస్సు డెబ్భై ఆరు. ఆయన భుజాలతో తాడు లాగించి, ఆ చేప రుచి గురించి నేను వ్యాసం రాయడం ఏం న్యాయం? నా సిద్ధాంతం ఆ రాత్రే రద్దయింది.

మర్నాటి నుంచి కరెంటు పక్షం వహించాను. అక్కడా నిలకడ దొరకలేదు.

కరెంటు బరమాకి పొగ లేదన్నాను కదా. నిజానికి పొగ లేకపోవడం వేరు, ఇక్కడ లేకపోవడం వేరు. మా చెల్లెల్ని ఓ థర్మల్ కేంద్రం దగ్గర ఊళ్ళో ఇచ్చాం. ఏ ఊరని అడక్కండి. ఎండాకాలం అక్కడికి వెళితే మేడ మీద వడియాలు పెట్టడానికి వీల్లేదు, సాయంత్రానికి వాటి మీద సన్నటి బూడిద దిగుతుంది. ఆరేసిన తెల్లపంచె బూడిదరంగు పంచె అవుతుంది. మా బావ దగ్గు ఊరందరికీ గడియారం. ఏలూరులో మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది, గాలి చల్లగా వస్తుంది, పొగ చుక్క కనబడదు. ఆ పొగంతా మా చెల్లెలి మేడ మీద ఉంది. మన దేశంలో ఈనాటికీ కరెంటులో ముప్పాతిక దాకా బొగ్గులోంచే వస్తోంది.

ఈ మాట మా అబ్బాయితో అంటే వాడు లెక్కలు తీశాడు. మిన్నెసోటాలో సగానికి పైగా కరెంటు గాలిమరలూ, అణుకేంద్రాలూ, ఎండ పలకల్లాంటి పొగలేని వాటి నుంచి వస్తోందిట. బొగ్గు వాటా ఏటికేడాది తగ్గుతోందిట. దారిలో మాంటిసెల్లో అని ఊరొకటి చూపించాడు. అక్కడి అణుకేంద్రం నుంచి వచ్చే వెచ్చటి నీటి వల్ల మిసిసిపీ నది ఆ మేర గడ్డకట్టదు. చలికాలమంతా తెల్లటి హంసలు వందలూ వేలూ వచ్చి అక్కడ తేలుతూ ఉంటాయి. చూడ్డానికి స్వర్గంలా ఉంది. అయితే ఆ బ్యాటరీలో లిథియం ఆస్ట్రేలియా గనుల నుంచో, చిలీ దేశపు ఉప్పు ఎడారి నుంచో రావాలి. కొన్ని బ్యాటరీల్లో వాడే కోబాల్టు చాలావరకు కాంగో నుంచి రావాలి. అక్కడి మనుషుల భుజాల సంగతి మనకి కనబడదు. సుఖం గడపలోకి వచ్చినప్పుడు కష్టం పెరటిదారిన ఎవరి ఇంటికో వెళ్ళిందని అనుకోవాలి గాని, మాయమైపోయిందని అనుకోకూడదు.

“నాన్నా, ఇంకో లెక్క కూడా వెయ్యండి. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కన్నాలు పొడిచినా ఆ పాత బరమా తాగే పెట్రోలు ఓ సీసాడు. చెరువుకి వెళ్ళి రావడానికి ఆయన ట్రక్కు తాగేది ఎన్ని గ్యాలన్లు?” అన్నాడు వాడు.

వాడి లెక్కే సరైనది. గంధపు చెక్క అరిగిందని బాధపడుతూ గుమ్మం ముందు మంట వేసుకున్నట్టుంది నా వాదన. అలా అని పొగ ప్రశ్న చిన్నదీ కాదు. 2023-24 చలికాలం ఆ రాష్ట్రపు రికార్డుల్లోకెల్లా వెచ్చనిదిట. బ్రెయినర్డ్ అనే ఊరి దగ్గర గల్ లేక్ మీద ఏటా జనవరిలో వేల మంది చేరి చేపలు పట్టే పోటీ ఒకటి జరుగుతుంది. ఆ ఏడు గడ్డ సరిగా కట్టక దాన్ని మానుకోవలసి వచ్చింది. గడ్డే లేకపోతే ఏ బరమా అయితేనేం? కాని దాని జవాబు ఈ రెండు బరమాల మధ్య లేదు. పెద్ద పాపానికి ప్రాయశ్చిత్తం చిన్న వస్తువు కొనుక్కోవడంలో ఉందని నమ్మడం మనకి అలవాటైపోయింది.

మరి ఇన్ని లెక్కలు వేసినా నా మనసు ఎందుకు కుదుట పడలేదు? అప్పుడు గుర్తొచ్చింది మా నాన్న ఆయిలింజను.

1966లో మా నాన్న మెట్ట చేలో బావి తవ్వించి, అయిదు గుర్రాల ఆయిలింజను పెట్టాడు. దాన్ని హ్యాండిలు వేసి తిప్పి స్టార్టు చెయ్యాలి. అది ఆయనకొక్కడికే లొంగేది. తెల్లవారుజామున టకటకమని మోత వినిపిస్తే మా అమ్మ, “మీ నాన్న చేలో దిగాడు, లేవండి” అని మమ్మల్ని లేపేది. చుట్టుపక్కల ఇంజను మొరాయించిన ప్రతివాడూ మా నాన్న కోసం వచ్చేవాడు. ఆయన చేతులకి ఎప్పుడూ నూనె వాసన. పొగ వల్ల ఆయాసం కూడా ఉండేది.

1979లో, నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళయ్యాక, మా చేలోకి కరెంటు లైను వచ్చింది. నేను జీతం డబ్బులతో మోటారు కొన్నాను. ఆయిలింజను బేరం పెట్టి అమ్మేశాను. ఆయన పెళ్ళికి పొరుగూరు వెళ్ళి వచ్చేసరికి బావి దగ్గర మోటారు ఉంది. “ఇహ మీరు హ్యాండిలు తిప్పక్కర్లేదు నాన్నా. మీట నొక్కితే చాలు, అది కూడా పాలేరు నొక్కుతాడు. మీరు హాయిగా కూచోండి” అన్నాను. నా మొహం వెలిగిపోతూ ఉండి ఉంటుంది. ఆయన మోటారు చుట్టూ ఓసారి తిరిగి, “బాగుందిరా” అన్నాడు. అంతే.

తరవాత ఆయన నిజంగానే కూచున్నాడు. కరెంటు రాత్రిపూట ఎప్పుడో ఇచ్చేవాళ్ళు, పాలేరు వెళ్ళి నొక్కి వచ్చేవాడు. తెల్లవారుజామున మోత లేదు. ఇంజను బాగు చెయ్యమని వచ్చేవాళ్ళూ క్రమంగా తగ్గారు, వాళ్ళవీ మోటార్లయిపోయాయి. మా నాన్న అరుగు మీద కూచుని, అరచేతులు చూసుకునేవాడు. 1982లో పోయాడు. నా వల్ల పోయాడని నేను అనను. ఆయాసం ముదిరింది, పొగ ఇంకో మూడేళ్ళు పీలిస్తే ఇంకా ముందే పోయేవాడేమో. మోటారు పెట్టడం తప్పు కాదు. అయినా ఆ “బాగుందిరా” అన్న మాట నలభై అయిదేళ్ళుగా నాకు అరగలేదు. ఎందుకు అరగలేదో మాత్రం తెలియదు. పెద్దాయన గరాజులో గోడకి ఆనించిన పాత బరమాని చూసినప్పుడల్లా మా బావి గట్టే కనబడేది.

ఫిబ్రవరిలో ఒకనాడు పెద్దాయన నన్ను మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సుకి తీసుకెళ్ళాడు. అది సరస్సంటే నేను ఒప్పుకోను. అవతలి గట్టు కనబడదు. దాని మీద గుడిసెలు, ట్రక్కులు, దారులు. చలికాలానికి వెలిసి, మార్చిలో చట్టప్రకారం ఎత్తివేసే ఊరు అది. ఆ ప్రాంతపు ఓజిబ్వే ప్రజలు ఈ యంత్రాలేవీ లేని రోజుల్లోనే గడ్డకి కన్నం చేసి, వెలుతురు పడకుండా పైన కప్పుకుని పడుకుని, చెక్క చేపబొమ్మని నీళ్ళలో ఆడిస్తూ, దాన్ని చూడ్డానికొచ్చిన చేపని ఈటెతో పొడిచేవారని ఆయనే చెప్పాడు.

ట్రక్కులోంచి ఆయన దింపింది కొత్త బరమా. పాతది తేలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఉన్ని సంచి విప్పి బ్యాటరీ తగిలించి మీట నొక్కాడు. ఎనిమిదంగుళాల కన్నం, అడుగున్నర పైన మందం, నిమిషంలోపు నీళ్ళు ఉబికాయి. మన బూరెలు దేవే చిల్లుల గరిటెలాంటి దానితో మంచు ముక్కలు దేవి అవతల పారబోశాడు. మూరెడు గాలం కర్ర ఒకటి నా చేతిలో పెట్టాడు. చేపలు మోత లేకపోవడం వల్ల ఎక్కువగా వస్తాయా అని అడిగితే, “అది చేపల్ని అడగాలి” అన్నాడు.

కాసేపాగి నేను ఉండబట్టలేక అడిగాను. “పాతదాని మీద మీకు మమకారం లేదా? ఇరవై ఏళ్ళు లాగిన తాడు కదా?”

ఆయన నవ్వాడు. “తాడు మీద మమకారం ఎవరికుంటుంది? నాకు సరస్సు మీద మమకారం. కిందటేడు భుజం నొప్పితో ఆ తాడు లాగలేక, ఎవరైనా తోడు వచ్చిననాడే వచ్చాను. తోడు రానినాడు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు నాకు నేనే రాగలను. ఈ మిషను నాకు నా పొద్దుటిపూట తిరిగి ఇచ్చింది.”

“అయితే మరి నన్నెందుకు తీర్పు చెప్పమన్నారు?”

ఆయన వెంటనే చెప్పలేదు. గాలం దారం వంక చూస్తూ కూచున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు: “కొత్తది పంపినప్పుడు మావాడు ఉత్తరం ముక్క రాశాడు, పాతదాన్ని అమ్మకానికి పెట్టేశానని. నా గరాజులో ఉన్నదాన్ని, అరిజోనాలో కూచుని. అది నాకు నచ్చలేదు. అమ్మడానికి ఒప్పుకునేవాణ్ణే. కాని ఒక మాట అడగొచ్చు కదా? ఎవరూ అడగలేదు గనక, నేనే మిమ్మల్ని పిలిచి అడిగించుకున్నాను.”

నేను గాలం పట్టుకుని అలాగే ఉండిపోయాను. తనకి తగిన ప్రశ్న ఎవరూ వెయ్యకపోతే, ఆ ప్రశ్న ఊరివాళ్ళ చేత వేయించుకున్నాడు ఈయన. మా నాన్న అది కూడా చెయ్యలేదు. ఆయనకి ఇంజను మీద మమకారం ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మోటారే కావాలనేవాడేమో. ఆయాసంతో విసిగిపోయి ఉన్నాడేమో. తెలుసుకోవడానికి ఉన్నది ఒక్కటే దారి, నేను ఆ దారిన పోలేదు. ఆయన ఊళ్ళో లేనినాడు చూసి బేరం పెట్టాను. ప్రేమతోనే పెట్టాను. ప్రేమ ఉంటే అడగక్కర్లేదనుకున్నాను.

ఆ రోజు పెద్దాయనకి రెండు పెర్చ్ చేపలు పడ్డాయి. చిన్నదాన్ని మళ్ళీ కన్నంలోకి వదిలేశాడు. నాకేమీ పడలేదు. పడితే ఏం చెయ్యాలో కూడా నాకు తెలియదు.

ఇంటికొచ్చాక కాగితం తీసుకుని, లెక్కల మాస్టారి అలవాటు ప్రకారం జవాబు రాసుకున్నాను. ఎవరి బరువైనా తగ్గించబోయే ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి: ఆ బరువు మోస్తున్నది నిజంగా ఎవరు? మా ఆవిడ రుబ్బురోలు పాఠం అది. రెండు: ఇక్కడ దింపిన బరువు ఎక్కడికి పోతోంది? అది మా చెల్లెలి మేడ పాఠం. మూడు: మోస్తున్న మనిషిని అడిగామా? మొదటి రెండింటికీ లెక్కలున్నాయి, తెలివైనవాళ్ళు ఇంట్లో కూచుని వెయ్యొచ్చు. మూడోదానికి లెక్క లేదు. లేచి వెళ్ళి అడగాలి. అందుకేనేమో దాన్నే మనం ఎగ్గొడతాం.

వ్యాసం ఇక్కడ ముగిస్తే బాగానే ఉండును. కాని ఆ రాత్రి జరిగింది చెప్పకపోతే నిజాయితీ కాదు.

భోజనాలయ్యాక మా అబ్బాయి కంప్యూటరు నా ముందు పెట్టాడు. ఏలూరు ఇల్లు కొనడానికి పార్టీ కుదిరిందనీ, ధర బాగా పలుకుతోందనీ, మేమిద్దరం ఇక్కడే ఉండిపోవడానికి కాగితాల పని కూడా వకీలుతో మాట్లాడాననీ చెప్పాడు. “ఇహ మీకు ఆ మెట్లు ఎక్కే బాధ, మంచినీళ్ళ బాధ, ఇంటి పన్ను బాధ ఏమీ ఉండవు నాన్నా. హాయిగా కూచోండి” అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు నేనెరుగుదును. 1979లో బావి గట్టు మీద అది నా మొహాన ఉంది.

నాకు “బాగుందిరా” అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎంత సులువైన మాటో అప్పుడు తెలిసింది.

“ఒరే అబ్బాయ్, బేరం పెట్టేముందు ఒక మాట అడిగితే బాగుండేది” అన్నాను.

వాడు నొచ్చుకున్నాడు. “మీ మంచి కోసమే కదా నాన్నా” అన్నాడు. గొంతు కొంచెం పెరిగింది. నా గొంతూ పెరిగింది. కోడలు టీవీ కట్టేసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత నేను వాడికి ఆయిలింజను సంగతి చెప్పాను. అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. వాడు తాతని ఫొటోలో చూడ్డమే.

అంతా విని, కంప్యూటరు మూసేసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూచున్నాడు. “సరే నాన్నా. అడుగుతున్నాను. మీకేం చెయ్యాలనుంది?”

ఇన్నాళ్ళూ అడిగితే చాలు, జవాబు నా దగ్గర సిద్ధంగా ఉందనుకున్నాను. తీరా అడిగేసరికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఏలూరు మెట్లు నిజంగానే ఎక్కలేకపోతున్నాను. ఇక్కడ మనవరాలుంది. అక్కడ అరుగు ఉంది. నేను తెల్లమొహం వేసుకుని మా ఆవిడ వైపు చూశాను.

“నావైపు చూస్తారేం? నన్నెవరూ అడగలేదుగా” అంది ఆవిడ.